గంటలు పైకెత్తి ఉన్నాయి

మనిషి నేలమీద పడి ఉన్నాడు. పైన గోపురంలో గంట ఇంకా ఆగలేదు. లయ తప్పి, ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా మోగుతూనే ఉంది. ఆ మోతకు తగ్గట్టే తాడు కొస గాల్లోకి లేచి, మెలికపడి, మళ్ళీ కిందికి వచ్చి రాతి నేలను చరుస్తోంది.

"తాడు ముట్టుకోకండి. ఎవరూ దగ్గరికి వెళ్ళకండి," అంది మురియెల్ టకెట్.

వెళ్ళే ఉద్దేశం ఎవరికీ లేదు. టూరు బస్సులో వచ్చిన ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్కమంది బల్లల మధ్య ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఇరవై రెండో మనిషి అతని భార్య. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని, ఊడిపడిన అతని కళ్ళజోడు ఏరి, అద్దాలను స్కార్ఫుతో తుడుస్తోంది. పగిలిన అద్దాన్ని కూడా తుడుస్తోంది.

రెండు నిమిషాల క్రితం మురియెల్ చర్చి అవతలి కొసన, బాప్తిస్మపు తొట్టి దగ్గర ఉంది. "ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చెక్కడం. ఈ చేపకు కళ్ళు రెండూ ఒకే వైపు ఉన్నాయి చూడండి," అని వేలు పెట్టి చూపిస్తూ ఉంది. ప్రతి బుధవారం టూరువాళ్ళకు ఊరు చూపిస్తూ చెప్పే మాటే. అప్పుడే పెద్దగంట మోగింది. ఆ వెంటనే కర్ర ఫెళ్ళున విరిగిన చప్పుడు. తర్వాత బస్తా పడ్డట్టు ఇంకో చప్పుడు.

పక్క తలుపు తోసుకుని దొయినా వచ్చింది. సమాధుల అవతల ఉన్న చిన్న ఇంట్లో ఉంటుంది, చేతికి సబ్బు నురగ ఇంకా ఆరలేదు. ఆమె కూడా గంటలు మోగించే మనిషే, వేళకాని వేళ గంట మోగితే ఏమై ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. తాడు వైపు ఒక్కసారి చూసింది, అది అందని దూరం నుంచి నేలమీద జరుగుతూ వెళ్ళి, మనిషి భుజాల కింద చేతులు దూర్చి రెండు గజాలు వెనక్కి లాగింది. తల కదలకుండా తన మోకాళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది.

"ఆయన పేరేంటమ్మా?" అని భార్యను అడిగింది.

"గార్‌ఫోర్త్."

"ఇంట్లో ఏమని పిలుస్తారు?"

"లెన్."

"లెన్ గారూ, కళ్ళు మూసుకోకండి. నన్నే చూడండి. నా ముక్కు బాగాలేదా? అయినా సరే, దాన్నే చూడండి."

అంబులెన్సు రావడానికి ముప్ఫయి అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ దొయినా అలాగే కూర్చుంది. ఈలోగా ఐవర్ ప్రౌస్ వచ్చాడు. కూమ్ హాలెట్ ఊళ్ళో గంటలు మోగించే జట్టుకు ఇరవై ఆరేళ్ళుగా అతనే పెద్ద. పడినవాణ్ణి చూడలేదు. గోపురం కింది చెక్క కటకటాల గేటును, దానికున్న ఒక్కగానొక్క మేకును చూశాడు. మేకుకు మురియెల్ రాసిన పోస్టరు వేలాడుతోంది. 'టీ, స్కోన్లు, ఊరి హాలులో, నాలుగు గంటలకు.'

"బోర్డేదీ?" అన్నాడు.

చర్చి గంట మామూలుగా నోరు కిందికి పెట్టి వేలాడుతుంది. మోగించేముందు దాన్ని ఊపి ఊపి, నోరు ఆకాశానికి చేసి, ఒక కర్ర ఆనుకుని నిలబడేలా చేస్తారు. పని అయ్యాక మళ్ళీ దింపాలి. దింపకుండా వదిలేస్తే ఏడు వందల కిలోల లోహం వెంట్రుకవాసి ఆధారం మీద నిలబడి ఉంటుంది. తెలియనివాడు తాడు లాగితే గంట తిరిగిపోతుంది, పట్టు వదలకపోతే మనిషి కూడా తాడుతో పైకి పోతాడు. అందుకే దింపనప్పుడు ఎర్ర బోర్డు ఒకటి ఆ మేకుకు తగిలించాలి. 'గంటలు పైకెత్తి ఉన్నాయి. తాళ్ళు ముట్టుకోవద్దు.' మంగళవారం సాధన అయ్యాక ఐవర్‌కు నడుం పట్టేసింది. శనివారం పెళ్ళి ఉంది, మళ్ళీ ఎత్తాలి కదా, ఉండనీ అన్నాడు.

"నిన్న ఆఖరున బయటికొచ్చింది ఎవరు?"

"నేను," అంది దొయినా, తల ఎత్తకుండా. "బోర్డు పెట్టాను."

"పెడితే ఏదమ్మా మరి? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"పెట్టాను."

ఐవర్ మురియెల్ వైపు తిరిగాడు. "పొద్దున్నే తలుపు తీసింది నువ్వేగా. అప్పుడు ఉందా?"

మురియెల్ కళ్ళముందు పొద్దున మెదిలింది. ఎనిమిదిన్నర. తలుపు, చీపురు, వాడిన లిల్లీపూలు, మేకు, పోస్టరు. మేకుకు పోస్టరు తగిలించినప్పుడు దారం ఒక్కసారికే పట్టుకుంది. అదే కనబడుతోంది, ఇంకేమీ లేదు.

"లేదు. మేకు ఖాళీగానే ఉంది," అంది. "నా పోస్టరు తగిలించాను."

దొయినా అప్పుడు తల ఎత్తి ఆమెను చూసింది. ఒక్కసారే. మళ్ళీ వంగి, "లెన్ గారూ, ముక్కు," అంది.

అంబులెన్సు వెళ్ళిపోయాక బస్సు డ్రైవరు వచ్చి, మఠానికి వెళ్ళాలా వద్దా అని అడిగాడు. "పన్నెండింటికి మఠం," అంది మురియెల్. కాగితంమీద అలాగే ఉంది. వెళ్ళారు.

మఠంలో గోడలు నడుము దాకానే మిగిలాయి. ఆమె గడ్డిమీద వెనక్కి నడుస్తూ, చేతులు చాచి, లేని గదుల్ని చూపించింది. "ఇక్కడ ఇరవై ఇద్దరు సన్యాసులు ఉండేవారు. చలికాలంలో నిప్పు వేసుకునే గది ఇదొక్కటే. మాట్లాడుకోవడానికి కూడా అనుమతి ఈ గదిలోనే."

"ఆయన బతుకుతాడంటారా?" అని ఒక పెద్దావిడ అడిగింది.

"చేపల చెరువులు అటు వైపు," అంది మురియెల్. "జాగ్రత్త, గట్టు జారుతుంది."

మూడింటికి బస్సు కొండ కింద ఆగింది. పచ్చగడ్డి చెక్కి, కింద ఉన్న సుద్దరాయి బయటపెట్టి గీసిన తెల్ల గుర్రం వాలుమీద పరుగెత్తుతూ కనిపించింది. ఎవరూ దిగలేదు. ఒకరిద్దరు కిటికీలోంచి ఫోటో తీశారు, తీశాక సిగ్గుపడ్డట్టు ఫోను దాచేశారు. నాలుగింటికి హాలులో టీ ఇచ్చింది. టీతో పెట్టిన స్కోన్లు, ఆ చిన్న తీపి రొట్టెలు, అన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చి కప్పులు కడుగుతుంటే చేతులు ఎర్రగా కందడం కనబడింది. నీళ్ళు అంత వేడిగా ఉన్నాయన్న సంగతి అప్పుడు తెలిసింది.

*

గురువారం పొద్దున పాస్టరమ్మ హ్యారియట్ ఫోను చేసింది. లెన్ గార్‌ఫోర్త్‌కు భుజం రెండు చోట్ల విరిగింది, పుర్రె చిట్లింది. బతుకుతాడు. మాట మాత్రం ఇంకా రాలేదు. బీమావాళ్ళు ఒక కాగితం పంపారు, అందులో జరిగింది రాసి, ఎవరి పొరపాటో పేరు పెట్టాలి. శుక్రవారం అయిదింటికి హాలులో చర్చి కమిటీ కూర్చుంటుంది.

"మీరు టీ సంగతి చూస్తారా?" అంది పాస్టరమ్మ. "ఇంకోటి. దొయినాకు ఒక ఉత్తరం ఉంది. మీ చేత్తో ఇస్తే బాగుంటుంది. నేనిస్తే అదేదో తీర్పులా ఉంటుంది."

"ఏముంది అందులో?"

"కమిటీకి రమ్మని. తాళంచెవి తెమ్మని. ఐవర్ పట్టుబట్టాడు," అంది.

చర్చి తాళంచెవి మురియెల్ దగ్గర ఒకటి, దొయినా దగ్గర ఒకటి ఉంటాయి. చర్చి ఊడవడం, గడియారానికి చావి తిప్పడం దొయినా పని. దానికి బదులుగానే ఆ చిన్న ఇల్లు. తాళంచెవి ఇచ్చేస్తే ఇల్లు కూడా ఇచ్చేసినట్టే. ఇంకో ఇల్లు కూమ్ హాలెట్‌లో ఆమెకు దొరకదు. ఊళ్ళో మంచం పట్టిన నలుగురు ముసలివాళ్ళకు రోజూ స్నానం చేయించేది ఆమే, అయినా దొరకదు.

ఉత్తరం తీసుకుని మురియెల్ కొట్టుకు వెళ్ళింది, పాలకోసం. లోపల ఐవర్ గొంతు వినబడుతోంది.

"నేనేమైనా దాని పొట్టకొట్టాలని చూస్తున్నానా? నేర్పింది నేనేగా. రెండేళ్ళు పక్కన నిలబడి నేర్పాను. వినడానికి వినేది, తలూపేది. ఒక్క బోర్డు తగిలించమంటే…" మురియెల్‌ను చూసి, "ఇదిగో, మన సాక్షి వచ్చింది. రా తల్లీ. నువ్వే చూసి ఉండకపోతే ఈ పాటికి నా మెడకు చుట్టేవాళ్ళు."

"గంటలు దింపకుండా వదిలేసింది నువ్వేగా ఐవర్?" అంది కొట్టావిడ, చిల్లర అందిస్తూ.

"వదలొచ్చు. బోర్డు ఉంటే వదలొచ్చు. రూలు అలా ఉంది."

"నీ నడుం కూడా రూల్లో ఉందా?"

ఇద్దరు నవ్వారు. మురియెల్ పాలసీసా తీసుకుని బయటికి వచ్చింది.

దొయినా ఇంట్లో నేలంతా అట్టపెట్టెలు పరిచి ఉన్నాయి. పాత చర్చి పత్రికలు చింపి, ఒక్కొక్క పళ్ళేన్నీ చుట్టి పెడుతోంది.

"ఇప్పుడే ఎందుకమ్మా?" అంది మురియెల్.

"వాళ్ళు పొమ్మన్నాక సర్దుకుంటే చేతులు వణుకుతాయి, పళ్ళేలు పగులుతాయి." ఉత్తరం తీసుకుంది. చదివి, మడిచి, ఒక పెట్టెలో పళ్ళేల మధ్య దూర్చింది. "కూర్చోండి. కుర్చీ ఇంకా సర్దలేదు."

మురియెల్ కూర్చోలేదు.

"నేను పెట్టాను మురియెల్ గారూ. ఎడం చేతిలో టార్చి ఉంది, కుడి చేత్తో పెట్టాను. వంకరగా ఉంటే సరిచేశాను కూడా."

"నేను వచ్చేసరికి లేదమ్మా."

"అయితే ఎవరో తీశారు."

"పొద్దున్నే తాళం తీసింది నేనే. నాకంటే ముందు ఎవరొస్తారు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు." దొయినా ఇంకో పళ్ళెం తీసుకుంది. "మీరు అబద్ధం ఆడరు. ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. నేనూ ఆడలేదు. ఇద్దరం నిజమే చెప్తుంటే బోర్డు ఎక్కడికి పోయింది?"

కోపం లేదు ఆ గొంతులో. తెగని లెక్కను పక్కవాళ్ళకు చూపిస్తున్నట్టు అడిగింది. మురియెల్ ఆ లెక్క చూసింది. లోపల ఏమీ కదల్లేదు. బుధవారం నుంచి అంతే, ఎవరేమన్నా అద్దం అవతల అన్నట్టుంది.

దొయినా ఆమె చేతి వైపు చూసింది. మీగడరంగు స్వెటరు కుడి చేతి అంచుకు పసుపుపచ్చని మరక. అంచంతా రుద్ది రుద్ది నూలు లేచిపోయింది.

"లిల్లీ పుప్పొడి అది. నీళ్ళు పెట్టకూడదు. టేపు అంటించి లాగాలి. ఇప్పుడింక పోదు."

"రెండుసార్లు ఉతికాను."

"అందుకే పోదు," అంది దొయినా.

*

శుక్రవారం నాలుగున్నరకే మురియెల్ హాలుకు వెళ్ళింది. వంటగదికీ హాలుకూ మధ్య గోడలో పెద్ద కిటికీ ఉంది, దానికి చెక్క తలుపు. అది సగం తెరిచి ఉంచి, పెద్ద టీ బాయిలరులో నీళ్ళు నింపి, స్విచ్చి వేసింది. కప్పులు వరసగా పెట్టింది. ఎనిమిది సాసర్లు, ఎనిమిది కప్పులు, చెవులన్నీ ఒకే వైపు.

అవతల కుర్చీలు లాగిన చప్పుడు. కిటికీ సందులోంచి టేబులు చివర దొయినా కనబడుతోంది. మంచి కోటు వేసుకుంది. తాళంచెవి ఎదురుగా టేబులు మీద పెట్టింది. అరచేయంత పొడవు ఇనుప చెవి, అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఎవర్నీ తప్పుపట్టడానికి కూర్చోలేదు," అని పాస్టరమ్మ మొదలుపెట్టింది.

"కూర్చున్నాం," అన్నాడు ఐవర్. "పేరు పెట్టడానికే కూర్చున్నాం. కాగితంలో గడి ఖాళీగా ఉంటే వాళ్ళు పైసా ఇవ్వరు. పాపం ఆ మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు."

బాయిలరు కుళాయి ఎప్పటిలాగే కారుతోంది. నీళ్ళు చెక్కబల్ల అంచుదాకా వచ్చాయి. మురియెల్ గుడ్డ తీసుకుని తుడిచింది. కింద కూడా తడిసిందేమోనని బాయిలరును రెండు చేతులా పట్టుకుని పక్కకు జరిపింది.

ఎర్ర అంచు కనబడింది.

ఇంకొంచెం జరిపింది. 'గంటలు పై' అన్న తెల్ల అక్షరాలు. మిగతా అక్షరాలమీద బాయిలరు అడుగు వేడికి రంగు పొంగి, గుండ్రంగా తెల్లటి వలయం పడింది. ఒక మూల ఇంకో చిన్న వలయం, పూలకూజా అడుగంత. దాని చుట్టూ పసుపుపచ్చగా పుప్పొడి.

చేతులకు గుర్తొచ్చింది. తలకు ఆ తర్వాత. బుధవారం పొద్దున్న రెండు కూజాల వాడిన లిల్లీలు, పాల జగ్గు, మిగిలిన కరపత్రాలు. అన్నీ ఒక్క విడతలో హాలుకు తేవాలి. ట్రే ఇంటి దగ్గర మరిచిపోయింది. పోస్టరుకు మేకు కావాలి. మేకుమీద ఏదో పలక ఉంది. తీసింది, దానిమీదే కూజాలు పెట్టుకుంది, సమాధుల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది, పూలు చెత్తకుప్పలో పారేసింది. బాయిలరు కింద రోజూ వేసే తువ్వాలు ఉతుకులో ఉంది. పలక వేసింది. బుధవారం అందరికీ టీ పోసింది దీనిమీంచే. నలభై ఏళ్ళుగా చూస్తున్న బోర్డు అది, చదవడం ఎప్పుడో మానేసింది. ఎర్రరంగు కూడా కంటికి ఆనలేదు.

ఆమె బోర్డును నిలువుగా పట్టుకుని నిలబడింది. తలుపు పక్కనే పెద్ద చెత్తడబ్బా ఉంది, మూత తెరిచే ఉంది. వెనక తలుపు కూడా తెరిచే ఉంది. చూసేవాళ్ళు లేరు. నీళ్ళు మరుగుతున్న చప్పుడు పెరిగింది.

"నువ్వు చెప్పేది ఏమైనా ఉందా దొయినా?" అవతల పాస్టరమ్మ గొంతు.

"పెట్టాను. అంతే."

"మురియెల్ అబద్ధం చెప్తోందంటావా?" అన్నాడు ఐవర్.

"అనను."

"మరి?"

"తెలియదు ఐవర్ గారూ. తెలిస్తే చెప్పేదాన్ని. మీకు ఇల్లు కావాలి, తీసుకోండి. నా పేరు మాత్రం ఆ కాగితంమీద రాయకండి. నేను ముసలివాళ్ళ దగ్గర పని చేసే మనిషిని. ఆ కాగితం నా వెనకే వస్తుంది. తర్వాత ఎవరూ తమ అమ్మను నా చేతికి ఇవ్వరు."

పాస్టరమ్మ పెన్ను మూత తీసిన చప్పుడు వంటగదిలోకి వినబడింది.

మురియెల్ కిటికీ తలుపును పూర్తిగా తోసింది. బోర్డును అక్షరాలు వాళ్ళకు కనబడేలా గట్టుమీద నిలబెట్టింది.

"ఇది బాయిలరు కింద ఉంది," అంది.

ఎనిమిది తలలు ఒక్కసారి తిరిగాయి. ముందుగా తేరుకున్నది ఐవర్.

"చూశారా," అన్నాడు, కుర్చీ వెనక్కి తోసి లేస్తూ. "ఇప్పటికైనా నమ్ముతారా? మంగళవారం మంగళవారం ఈ హాలు ఊడ్చేదెవరు? ఈవిడేగా. ఆవేళ బోర్డు మేకుకు పెట్టనే లేదు. ఇక్కడికి తెచ్చి పడేసి, ఇంటికి పోయి పడుకుంది. మూడు రోజులుగా పెట్టాను, పెట్టాను అని మనల్ని…" వేలు దొయినా వైపు తిరిగింది. "ఇప్పుడేమంటావ్?"

దొయినా బోర్డును చూసింది. దానిమీద గుండ్రటి మరకలు చూసింది. తర్వాత మురియెల్ చేతి అంచును చూసింది. తాళంచెవిని వేలితో పాస్టరమ్మ వైపు జరిపింది.

"రాసేద్దాం అయితే," అంది పాస్టరమ్మ నీరసంగా. కమిటీలో ఇద్దరు సరే అన్నట్టు తలలూపారు. ఇంక ఎవరూ వంటగది వైపు చూడటం లేదు. టీ ఎప్పుడొస్తుందా అన్నట్టు ఒకాయన గడియారం చూసుకున్నాడు.

మాట్లాడకుండా ఉంటే చాలు. అంతకంటే తేలికైన పని లేదు. మూడు రోజులుగా ఆమె చేస్తున్నదీ అదే. మురియెల్ కుడి చేయి గట్టుమీద పెట్టి, స్వెటరు అంచును బోర్డు మూల పక్కకు చేర్చింది. రెండు మరకలూ పక్కపక్కన పడ్డాయి. ఒకటే పసుపు, ఉతికినదొకటి, ఉతకనిదొకటి.

"బుధవారం పొద్దున పూలకూజాలు దీనిమీద పెట్టుకుని తెచ్చారు," అంది. బాప్తిస్మపు తొట్టి దగ్గర చెప్పే గొంతే, ఎక్కువా తక్కువా లేదు. "మేకుకు ఉన్న బోర్డు తీసి, ఆ మేకుకు టీ పోస్టరు పెట్టారు. తర్వాత దీన్ని తెచ్చి బాయిలరు కింద వేశారు. మేకు ఖాళీగా ఉందని కూడా వాళ్ళే చెప్పారు."

ఐవర్ ఇంకా నిలబడే ఉన్నాడు. చాచిన వేలు కొంచెం కొంచెంగా వంగింది.

"ఎవరు?" అంది పాస్టరమ్మ. అడిగాక ఆ ప్రశ్న వెనక్కి తీసుకోవాలనుకున్నట్టు చూసింది. అయినా పెన్ను గడిమీదే ఉంది. "పేరు రాయాలి. ఎవరి పేరు?"

వెనక బాయిలరు మరిగి, టక్కుమని దానంతటది ఆగిపోయింది. మురియెల్ చేతికి గట్టు తడి తగిలింది. చల్లగా ఉంది. బుధవారం తర్వాత ఆమె చేతికి ఏదైనా తెలియడం అదే మొదటిసారి.

"మురియెల్ టకెట్," అంది.